భాయ్ గారి బుడ్డ యాపిల్

మట్టిని నాలుక మీద వేసుకుని రుచి చెప్పే మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. ఆయన రైతేమీ కాదు. దుబాయ్‌లో అల్ అవీర్ మార్కెట్ దగ్గర ఒక పండ్ల కంపెనీలో కోల్డ్ స్టోర్ ఇన్‌చార్జి. సొంతూరు కడప జిల్లా. పోయిన వారం మా పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఆయన ఇక లేరన్న కబురు వచ్చింది. కబురు కింద ఎవరో ఒక ఫోటో పెట్టారు. స్వెట్టరూ మంకీ క్యాపూ వేసుకుని, కళ్లజోడు నిండా ఆవిరి పట్టి, ఎటో చూస్తూ నవ్వుతున్న ఫోటో. అందులో ఆయన కళ్లే కనబడవు. అయినా మంచి ఫోటో అని అందరూ ఒప్పుకున్నారు. నేనూ ఒప్పుకున్నాను. మాతో మాట్లాడిన మాటల్లో సగం ఆయన ఆ ఆవిరి వెనక నుంచే మాట్లాడారు మరి.

కోల్డ్ రూములో నీళ్లు గడ్డకట్టేంత చలి, తలుపు తీసి బయటికొస్తే దుబాయ్ ఉక్క. కళ్లజోడు క్షణంలో తెల్లబడిపోతుంది. ఎవరైనా అయితే తీసి తుడుచుకుంటారు. ఆయన తుడిచేవారు కాదు. "తుడిస్తే గీతలు పడతాయి పాపా, దానంతటదే పోతాది" అని, అది పోయేదాకా ఆగకుండా పని మాత్రం మొదలుపెట్టేసేవారు. ఒకసారి సరుకు తప్పుగా దించాడని లోడర్‌ని ఎడాపెడా తిట్టిపోశారు. తీరా ఆవిరి కరిగాక చూసుకుంటే ఎదురుగా ఉన్నది స్తంభం. "ఇదైనా ఎదురు మాట్లాడలేదు, మేలు" అని నవ్వేసి ఊరుకున్నారు.

ఆయన్ను అందరూ భాయ్ అనేవారు. మాది తెనాలి. అంత పెద్దాయన్ని ఉత్త భాయ్ అని పిలవడానికి నాకు నోరు రాలేదు. భాయ్ గారూ అన్నాను. ఆయన పడీ పడీ నవ్వారు.

"భాయ్‌కి మళ్లీ గారు ఏందిమ్మా? బిర్యానీలో పప్పు పోసినట్టు!"

ఆ తర్వాత వేరే ఎవరైనా భాయ్ అని పిలిస్తే, "గారు యాడపోయింది? తెనాలమ్మాయిని సూసి నేర్చుకోండి" అని వేళాకోళం చేసేవారు.

నేను ఆ కంపెనీలో చేరింది కరోనా ఏడాదిలో. అంతకుముందు నేను పనిచేసిన హోటల్ మూతపడింది. బర్ దుబాయ్ ఫ్లాట్‌లో మూడు నెలలు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాక ఈ ఉద్యోగం దొరికింది. కంటైనర్ల కాగితాలు తయారుచేసే పని. ఏ దేశం నుంచి ఏ పండు వచ్చింది, ఎంత చల్లదనంలో వచ్చింది, పాడైతే ఎవరిని నిలదీయాలి, ఇవీ నా కాగితాలు. మేడ మీద నా గది. కింద కోల్డ్ స్టోర్. పండ్ల గురించి నాకు తెలిసిందల్లా కొనడం, కోయడం. అందుకని ఏ అనుమానం వచ్చినా కిందికి దిగి ఆయన్ను అడిగేదాన్ని.

అడగడం మాత్రం కొంచెం ప్రమాదమే. ఆయన జవాబు చెప్పేవారు కాదు, "సూద్దాం" అనేవారు. అంటే ఇక పరీక్ష మొదలైనట్టే. ఉల్లిపాయను చల్లబెట్టి కోస్తే కన్నీళ్లు రావట కదా అన్నానని రెండు రోజుల తర్వాత నా బల్ల మీదికి ఉల్లిపాయా కత్తీ వచ్చాయి. ఎండాకాలంలో దుబాయ్‌లో చల్లనీళ్ల కుళాయి విప్పితే మరుగునీళ్లు వస్తాయి, గీజరు ఆపేసి అందులో నిలవున్న నీళ్లతో స్నానం చేస్తాం. ఇది అందరికీ తెలిసిందే. ఆయన నైఫ్ అనే పేటలో తానుండే బిల్డింగులో ప్రతి అంతస్తుకూ వెళ్లి, కుళాయి కింద వేలు పెట్టి, ఏ అంతస్తులో నీళ్లు తక్కువ కాలుతాయో కనిపెట్టారు. కనిపెట్టి ఏం చేశారంటే ఏమీ చేయలేదు. తెలిసింది, చాలు. అంతకు మించి ఆయనకు దానితో పనిలేదు.

ఆ డిసెంబరులో ఒక హోటల్‌వాళ్లు పండగ బల్లల మీద అలంకారానికని క్రాబ్ యాపిల్స్ తెప్పించుకున్నారు. రేగ్గాయంత యాపిల్స్ అవి. ఎర్రగా, నున్నగా, చిన్నపిల్లల బొమ్మల్లో యాపిల్ పండులా ఉంటాయి. కరోనా మూలంగా పండగ విందు రద్దయింది. పెట్టె మా దగ్గరే ఉండిపోయింది. నేను ముచ్చటపడి ఒకటి కొరికాను. పులుపుకి ఒక కన్ను మూతపడింది. ఆయన ఉప్పూ కారం అద్దుకుని, చింతకాయ తిన్నట్టు హాయిగా తిన్నారు. బుడ్డ యాపిల్ అని పేరు కూడా పెట్టారు. తింటూ తింటూ ఆగి, చేతిలో ఉన్న సగం కాయకేసి చూస్తూ అడిగారు.

"దీని పువ్వు ఎట్లుంటాది పాపా?"

నేను ఫోన్ తీశాను. ఆయన తన అరచెయ్యి నా ఫోన్ మీద పెట్టి మూసేశారు.

"వద్దు. ఫోన్లో మా మనవడు కూడా ఉండాడు. ఎత్తుకున్నట్టయితాదా?"

అప్పుడు చెప్పారు. ముప్ఫై ఏళ్లకు పైగా యాపిల్ పండ్ల మధ్యే బతికానని, ఏ దేశం యాపిల్ అయినా కళ్లు మూసుకుని వాసనతో చెప్పేస్తానని, కానీ యాపిల్ పువ్వు ఎలా ఉంటుందో ఒక్కసారీ చూడలేదని. చెప్పడంలో బాధేమీ లేదు. తన వెనక జేబులో ఏదో ఉండిపోయిందని ఇప్పుడే తెలిసినవాడి ఆశ్చర్యం మాత్రం ఉంది.

"కాశ్మీర్ వెళ్లి చూడొచ్చు కదండీ?" అన్నాను.

"రెండేళ్లకొకసారి ఊరికి పోతా. పోతే పెండ్లి ఉంటాది, ఇల్లు రిపేరు ఉంటాది, ఆస్పత్రి ఉంటాది. ఇవన్నీ ఇడ్సిపెట్టి కాశ్మీర్‌లో పువ్వు సూసొస్తా అంటే మా ఇంటామె మళ్లీ గడప తొక్కనిస్తాదా?"

ఆ శుక్రవారం ఆయన సత్వా నర్సరీలు గాలించారు. చైనా బోన్సాయ్ చెట్లతో పాటు వచ్చిన క్రాబ్ యాపిల్ మొక్కలు ఒకచోట మూడు దొరికాయి. ఆకంతా రాలిపోయి పుల్లల్లా ఉన్నాయి. చచ్చిపోయాయనుకుని నర్సరీవాడు పారేయబోతున్నాడట. చలికాలంలో ఆకు రాల్చే చెట్టు దుబాయ్‌లో ఎవరికి తెలుసు? భాయ్ గారు గోటితో బెరడు గీకి లోపల పచ్చదనం చూసి, మూడింటినీ చంకన పెట్టుకుని బస్సెక్కారు.

మొక్కలు దొరికాక మట్టి ప్రశ్న వచ్చింది. ఇక్కడి నేలలో యాపిల్‌కు ఏ మట్టి నప్పుతుందో ఎవరిని అడిగినా తెలియదన్నారు. దాంతో ఆయన ఉత్సాహం రెట్టింపయింది. రాస్ అల్ ఖైమా, ఫుజైరా, అల్ ఐన్ వైపు సరుకు తోలే డ్రైవర్లందరికీ ఒకటే మాట, వచ్చేటప్పుడు ఒక సంచిలో మట్టి తెండి. మా జగిత్యాల డ్రైవర్‌కి ఇది వింతగా ఉండేది.

"గిదేంది భాయ్! ఖజ్జూర తెమ్మంటే తెస్త, చేపలు తెమ్మంటే తెస్త. మట్టి తెమ్మంటవేంది? చెక్‌పోస్టుల అడిగితే ఏం జెప్పాలె?"

"మా భాయ్ తింటాడని జెప్పు."

అది అబద్ధం కూడా కాదు. సంచి రాగానే చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకునేవారు. కాసేపు అటూ ఇటూ తిప్పి ఉమ్మేసి, "ఉప్పు" అనేవారు. సముద్రం పక్క మట్టి అన్నీ అలాగే పోయాయి. ఒకసారి నన్నూ రుచి చూడమన్నారు. పోనీ అని చూశాను. నాకు మట్టి రుచే వచ్చింది.

చివరికి మూడు రకాలు మిగిలాయి. మా గోడౌన్ వెనక ఎడారి ఇసుక ఒకటి. రాస్ అల్ ఖైమాలో ఖర్జూరం తోటలోంచి తెచ్చిన బరువైన గోధుమరంగు మట్టి ఒకటి. నర్సరీలో అమ్మే తేలికైన నల్లటి బస్తా మట్టి ఒకటి. ఒక్కో కుండీలో ఒక్కో మట్టి. నీళ్లు మాత్రం మూడింటికీ ఒకటే, ఏసీ పైపులోంచి బొట్లు బొట్లుగా కారే నీళ్లు. వాటిలో ఉప్పుండదు కాబట్టి బకెట్టు పెట్టి పట్టేవారు. కోల్డ్ స్టోర్ తలుపు తీసినప్పుడల్లా చల్లగాలి బయటికి పొర్లే చోట, సరుకు దించే లోడింగ్ బేలో, పొద్దుటి ఎండ మాత్రమే పడే మూల చూసి కుండీలు పెట్టారు. దుబాయ్ ఎండాకాలం ఆ చెట్లు బతికి బయటపడ్డాయంటే ఆ మూల చలవే.

వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే యజమానిని గల్ఫ్‌లో కఫీల్ అంటారు. ఆ మూడు మట్టుల గురించి ఆయనకొక కఫీల్ సిద్ధాంతం ఉండేది. వచ్చినవాళ్లందరికీ వినిపించేవారు.

"మట్టి అంటే చెట్టుకు కఫీల్ పాపా. ఇసుక ఉండాదే, అది పిసినారి కఫీల్. నీళ్లు ఇచ్చినట్టే ఇచ్చి కిందినుంచి లాక్కుంటాది. బస్తా మట్టి మెత్తని కఫీల్. అడిగినా ఇస్తాది, అడగకపోయినా ఇస్తాది, కాళ్లు కుళ్లిపోయేదాకా నీళ్లలో నిలబెడతాది. ఈ తోట మట్టి మొండి కఫీల్. పాస్‌పోర్టు దాసిపెట్టుకుంటాది గానీ కడుపుకు మాత్రం పెడతాది."

ఆయన చెప్పినట్టే జరుగుతూ వచ్చింది. ఇసుకలోది సన్నగా, పాలిపోయి ఉండేది. తోట మట్టిలోది ఏపుగా పెరిగింది కానీ ఆకు పసుపుపచ్చగా తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. ఇనుము తక్కువైందని ఎవరో చెబితే కుండీలో మేకులు గుచ్చారు. ఏమీ కాలేదు. మేకులు తీసేసి, అమ్మకానికి పనికిరాని నిమ్మకాయలు పిండిన నీళ్లు పోశారు. కొన్ని వారాలకు ఆకు రంగు తిరిగింది. బస్తా మట్టిలోది మొదట అందరికన్నా అందంగా ఉండి, ఆ తర్వాత నీరసపడింది. రోజూ మధ్యాహ్నం నేను టిఫిన్ డబ్బా పట్టుకుని ఆ మూలకే వెళ్లేదాన్ని. కార్పొరేట్ ఆఫీసుల్లో ఇంతకాలం కూర్చున్నాను కానీ ఒక ఆకు రంగు గురించి అంతసేపు మాట్లాడుకోవచ్చని నాకు తెలియదు. ఆ మధ్యాహ్నాలంటే నాకు చాలా ఇష్టం.

మొదటి వసంతంలో పువ్వు రాలేదు. చిగురు కూడా ఆలస్యంగా, అక్కడొకటి ఇక్కడొకటి వచ్చింది. కారణం ఆయనే పట్టుకున్నారు. యాపిల్ చలిదేశం చెట్టు. చలికాలంలో బాగా నిద్రపోతే గాని వసంతంలో మేలుకోదు. దుబాయ్ చలికాలం దాని కంటికి మధ్యాహ్నం కునుకు.

"నిద్ర సాల్లేదు దీనికి. నిద్ర మన కాడ బోలెడు ఉండాది గదా" అన్నారు, కోల్డ్ రూము తలుపుకేసి చూపిస్తూ.

రెండో చలికాలం మొదలవగానే మిగిలిన ఆకులన్నీ దూసేసి, కుండీలను ప్లాస్టిక్ సంచుల్లో రెండు పొరలుగా చుట్టి కోల్డ్ రూములో పెట్టడానికి సిద్ధమయ్యారు. తిండి సరుకు ఉండే చోట మట్టి కనబడితే ఉద్యోగానికే ముప్పు. అందుకని పైన 'శాంపిల్, అమ్మకానికి కాదు' అని చీటీ అంటించారు. మా కంపెనీలో చీటీ ఉన్న వస్తువుని ఎవరూ ఏమీ అనరు. ముదీర్, అంటే మా మేనేజరు, ఒకసారి వాటి ముందే నిలబడి ఫోన్ మాట్లాడి వెళ్లిపోయాడు.

మా స్టోర్‌లో యాపిల్స్‌కి ఒక గది, క్యారెట్లూ ఆకుకూరలకీ ఒక గది, కివీలకీ మరొకటి. వేరువేరుగా ఉంచడానికి కారణముంది. యాపిల్ పండు కోసిన తర్వాత కూడా ఒక రకమైన గాలి వదులుతూనే ఉంటుంది. ఆ గాలికి పక్కనున్నవి త్వరగా పండిపోతాయి, పాడవుతాయి. కొత్త లోడర్ పొరపాటున కివీ పెట్టెలు యాపిల్ గదిలోకి తోశాడంటే భాయ్ గారి కేక నా గదిలోకి వినబడేది. "ఎవుడ్రా అది! యాపిల్ ఊపిరి తగిల్తే కివీ ఖలాస్!"

చెట్లను ఆయన యాపిల్ గదిలోనే పెట్టారు. ఇసుక కుండీ, బస్తా మట్టి కుండీ అక్కడికి చేరాయి. తోట మట్టి కుండీ మాత్రం ఇద్దరు కలిసి లాగినా ఆ దూరం కదల్లేదు. విసిగిపోయి దాన్ని మొదట తగిలిన క్యారెట్ల గదిలోకి నెట్టేశారు.

ఫిబ్రవరిలో బయటికి తెచ్చాక, క్యారెట్ల గదిలోంచి వచ్చిన చెట్టు కొమ్మ కొమ్మకూ చిగుర్లు వేసింది. యాపిల్ గదిలోంచి వచ్చిన రెండింటికీ మొగ్గలు ఎండి, ముట్టుకుంటే పొట్టులా రాలిపోయాయి. ఆ ఎండాకాలంలోనే బస్తా మట్టిలోది వేరు కుళ్లి చచ్చిపోయింది. పువ్వు దేనికీ లేదు. అయినా భాయ్ గారి సంబరం చూడాలి!

"సూసినావా? మొండి కఫీలే గెలిచినాడు! మట్టిలోనే ఉండాది అంతా."

ఇసుక కుండీని బోర్లించి, ఆ ఇసుకనీ తోట మట్టినీ కలిపి, మిగిలిన చెట్లు రెండింటినీ అందులోకి మార్చారు. నీళ్లు నిలవకుండా, వెంటనే పోకుండా ఆ కలిపిన మట్టి బాగా కుదిరింది. రెండు చెట్లూ ఆ ఏడాది కళకళలాడాయి. అక్టోబరుకల్లా కొమ్మల చివర లావుపాటి మొగ్గలు కట్టాయి. అవి ఆకుమొగ్గలు కావని, పూలమొగ్గలేనని ఆయన వేళ్లతో తడిమి తేల్చారు.

అప్పుడే ముదీర్ ఆయన్ను పిలిచి, అరవై నిండుతున్నాయి కాబట్టి మార్చి తర్వాత వీసా పొడిగించబోమని చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. భాయ్ గారు మెట్లు దిగి నేరుగా బేలోకి వచ్చారు. కుండీల దగ్గర నిలబడి వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నారు.

"మార్చికి పూస్తాదంటావా?"

"ఇంకొక్క నెల అడగండి భాయ్ గారూ. కావాలంటే నేను అడుగుతాను."

"ఏమని అడుగుతావు? చెట్టు పూయలేదు, వీసా పెంచండి అనా?" అని నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "ఈ తూరి రాకపోతే ఇంక సూడను పాపా" అన్నారు. ఆ మాట మామూలుగానే అన్నారు. నాకు మాత్రం మనసు చివుక్కుమంది.

డిసెంబరు వచ్చింది. ఈసారి బరువులు తోయడానికి కొత్త ట్రాలీ ఉంది. రెండు కుండీలూ చీటీలతో సహా యాపిల్ గదిలోకి వెళ్లాయి.

వాటిని పెట్టిన రెండో వారంలోనో మూడో వారంలోనో ఒక కంటైనర్ మీద గొడవ వచ్చింది. ఎగుమతి చేసినవాడు స్థలం కలిసొస్తుందని యాపిల్స్‌తో పాటు కివీలు కూడా వేసి పంపాడు. కివీలు మెత్తబడిపోయాయి. నష్టం ఎలా జరిగిందో వివరంగా రాయమని ముదీర్ నాకు పురమాయించాడు. నేను భాయ్ గారికి ఫోన్ చేశాను. ఆయన కింద నుంచి చెబుతుంటే నేను టైపు చేస్తున్నాను.

"యాపిల్ ఊపిరి తగిలింది, అందుకే మెత్తబడినాయి అని రాయి."

"ఒక్క కివీకేనా, అన్నింటికీ ఇలాగే అవుతుందా?"

"అన్నిటికీ పాపా. కివీ పండిపోతాది. క్యారెట్టు చేదెక్కుతాది. ఆకుకూర పసుపుపచ్చ తిరుగుతాది. ఇంక పూలయితే చెప్పనే పన్లేదు. మొగ్గ మొగ్గగానే ఎండిపోయి రాల్..."

మాట మధ్యలో ఆగిపోయింది. నేను హలో హలో అన్నాను. అవతల ఫోన్ దేనిమీదో పడిన చప్పుడు, తర్వాత పరుగు.

నేనూ మెట్లు దిగి పరిగెత్తాను. యాపిల్ గది తలుపు బార్లా తెరిచి ఉంది. ఆ తలుపు అలా వదిలినందుకు ఎంతమందిని తిట్టారో ఆయన! లోపల పెట్టెలు పేర్చిన ప్యాలెట్ల సందులోంచి ట్రాలీని ఒక్కరే లాక్కొస్తున్నారు. ఇద్దరం కలిసి రెండు కుండీలనూ క్యారెట్ల గదిలోకి చేర్చాం. నాకు పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆయన ఒక క్యారెట్ పెట్టె మీద కూలబడ్డారు.

"సొంత బిడ్డలే గదా, వాటి పక్కన ఉంటే తోడుగా ఉంటాదనుకున్నా. దినామూ అందరినీ తిడతా గదా పాపా, ఊపిరి తగులుతాదని. ఆ బిడ్డల ఊపిరి తల్లికి కూడా పడదని నాకెట్ల తోచలేదు?"

ఆయన్ను అలా ఎప్పుడూ చూడలేదు. "అయితే పోయినేడు బతికించింది తోట మట్టి కాదన్నమాట" అన్నాను. అన్నాక, అనకుండా ఉండాల్సిందేమో అనిపించింది. కానీ ఆయన తలెత్తి చూశారు. కళ్లల్లో మళ్లీ ఆ పాత వెలుగు వచ్చింది.

"కాదు! బరువు! మొయ్యలేక ఈడ పెట్టినాం గదా, అందుకు బతికింది. నేనేమో ఏడాది పొడుగునా మట్టిని పొగిడినా!" తల కొట్టుకున్నారు. కొట్టుకుని, వెంటనే, "అయితే మట్టి ఏమీ చెయ్యలేదా? చేసింది. ఆకు సంగతి మట్టిది. మొగ్గ సంగతి గాలిది. రెండూ వేరే" అంటూ వేళ్లు మడుస్తూ మళ్లీ మొదలుపెట్టారు. ఆ చలిలో నిలబడి నేను అరగంట విన్నాను.

ఫిబ్రవరి మొదట్లో చెట్లను బేలోకి తెచ్చారు. తోట మట్టిలో పెరిగిన పెద్ద చెట్టుకు మొగ్గలన్నీ రాలిపోయి ఆకులు మాత్రం వచ్చాయి. దాని మీదే అందరం ఆశ పెట్టుకున్నాం. మొదట్లో ఇసుకలో పాలిపోయి ఉండేదే, ఆ రెండో చెట్టు యాపిల్ గదిలో తలుపు పక్కన ఉండేది. తలుపు తీసినప్పుడల్లా దానికి కొత్త గాలి తగిలిందో ఏమో, ఒక్క కొమ్మ మీద మొగ్గలు నిలిచాయి. ఆయన ఊరికి వెళ్లే టికెట్ మార్చి నెల రెండో వారానికి. మొగ్గలు రోజుకింత ఉబ్బుతూ, చివర ఎర్రగా తేలాయి. ముదీర్ కూడా వచ్చి చూసి, ఇది శాంపిలా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. పొద్దున ఆఫీసుకి రాగానే నేను నా గదికి వెళ్లకుండా ముందు బేలోకి వెళ్లేదాన్ని. లోడర్లూ అంతే. ఆయన వెళ్లేలోగా విచ్చుకుంటుందా లేదా అన్నది మా అందరి బెంగ అయిపోయింది.

టికెట్‌కి ఇంకా కొన్ని రోజులుందనగా ఒక పొద్దున ఫోన్ వచ్చింది.

"పాపా, కిందికి రా."

వెళ్లేసరికి ఫోర్క్‌లిఫ్ట్ ఆగి ఉంది. లోడర్లందరూ గుమిగూడారు. ఎర్రటి మొగ్గల గుత్తిలో ఒకే ఒక్కటి విచ్చుకుంది. అయిదు రేకులు. తెలుపే, అంచుల్లో లేత గులాబీ. ముక్కు దగ్గర పెడితే సన్నని తీపి వాసన. జగిత్యాల డ్రైవర్ నోరు తెరిచి చూస్తూ, "గింత ముద్దుగుంటదా!" అన్నాడు. అందరూ ఫోన్లు తీశారు.

భాయ్ గారు అప్పటికే చాలాసేపటి నుంచి అక్కడ ఉన్నట్టున్నారు. గొంతుక్కూర్చుని ఉన్నారు. మేమంతా పువ్వు ముఖం చూస్తుంటే ఆయన తల వంచి దాని కిందికి చూస్తున్నారు. రేకుల వెనక, కాడ దగ్గర చిన్న ఆకుపచ్చ బుడిపె, దాని చుట్టూ అయిదు పచ్చటి మొనలు. వేలితో పువ్వుని కొంచెం పక్కకి వంచి మళ్లీ చూశారు.

"ఇది నాకు తెల్సు" అన్నారు.

"ఏది భాయ్ గారూ?"

లేచి వెళ్లి, దించుతున్న పెట్టెల్లోంచి ఒక యాపిల్ తీసుకొచ్చారు. తలకిందులు చేసి నాకు చూపించారు. యాపిల్ అడుగున గుంటలో నల్లగా ఎండిన పొట్టు ఉంటుంది కదా, అది. పురుగూ దుమ్మూ దాక్కునేది అక్కడే. అందుకని సరుకు పరీక్షించేటప్పుడు ప్రతి పండునూ తిప్పి, ఆ పొట్టుని బొటనవేలితో గీకి చూడడం ఆయన ఉద్యోగంలో భాగం. నేను దగ్గరగా చూశాను. అయిదు చిన్న మొనలు. చెట్టు మీద పచ్చగా ఉన్నవే, ఇక్కడ ఎండిపోయి ఉన్నాయి.

"పువ్వే పాపా ఇది. పువ్వు కిందిదే ఉబ్బి పండయితాది. రేకులు రాలిపోయినాక మిగిలింది ఈడనే ఉంటాది, పండుతోనే వస్తాది." బొటనవేలిని పైకెత్తి చూసుకున్నారు. గోరు ఒక పక్క అరిగి ఉంది. "ముప్ఫై ఏండ్లు నా సేతిలోనే ఉండింది. గీకి పారేసినా."

నాకు ఏడుపొచ్చింది. ఆయనకు మాత్రం నవ్వొచ్చింది. భుజాలు కదిలేలా, ఆగకుండా నవ్వారు. డ్రైవర్ ఏమైందని నన్ను అడిగితే, పెట్టెలోంచి ఇంకో యాపిల్ తీసి దాని అడుగు అతనికి చూపించాను. ఇంతలో రెండో మొగ్గ కూడా విచ్చుకుంటోందని ఎవరో అరిస్తే అందరూ మళ్లీ చెట్టు చుట్టూ మూగారు. భాయ్ గారు ఒక్కరే రాలేదు. పెట్టె పక్కన కింద కూర్చుని, ఒక్కో యాపిల్‌నే తీసి, తలకిందులు చేసి, వేలు తగలనివ్వకుండా చూస్తున్నారు.